సున్నపు తేట

నా నలభై నాలుగో ఏట, 1981 చివర్లో, రెండు చేతుల వేళ్ళ కణుపులూ ఒకేసారి వాచాయి. మామూలు నొప్పులైతే ఒక పక్క వస్తాయి, ఒక పక్క పోతాయి. ఇవి అలా కాదు. కుడిచేతి చూపుడువేలు వాస్తే ఎడమచేతి చూపుడువేలూ వాచేది. పొద్దున లేచేసరికి గుప్పిళ్ళు మూసుకుపోయి ఉండేవి. వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంటే తొమ్మిది దాటాక గానీ గ్లాసు పట్టుకోవటానికి వచ్చేది కాదు.

మాది పిడుగురాళ్ళలో చిన్న సున్నపు బట్టీ. ఇంట్లో ముగ్గురమే: నేను, మా ఆయన, మా అత్తగారు. పిల్లలు లేరు. బట్టీ పొగ ఇంటి మీదుగానే పోయేది. పెరట్లో కరివేపాకు చెట్టు కూడా ఏడాదిలో పది నెలలు తెల్లగా ఉండేది.

ఆ జబ్బు ఆ ఇంటికి కొత్త కాదు. నేను కాపరానికి వచ్చినప్పుడు వెనక గదిలో మా అత్తగారి అక్క ఉండేది. ఆమె రెండు చేతులూ కోడికాళ్ళలా ముడుచుకుపోయి ఉండేవి. గోళ్ళు అరచేతుల్లోకి దిగకుండా మా అత్తగారు ఆ గుప్పిళ్ళలో గుడ్డ ఉండలు పెట్టేది. మూడు పూటలా ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. అలా పదకొండేళ్ళు గడిచాయి. చివరికి కృష్ణ అవతలి నుంచి ఒక వైద్యుడు వచ్చి పాదరసంతో చేసిన రసం మందు ఇచ్చాడు. నోరంతా పుళ్ళు పడి, పళ్ళు కదిలి, నెల తిరక్కుండా ఆమె పోయింది. అందుకని మా అత్తగారు ఒక మాట అంటుండేది: “చేతులు పోతే మనిషి బతికింది. మందు తిన్నాక చచ్చింది.”

నా వేళ్ళు వాచిన దగ్గర్నుంచి ఆ వెనక గది తలుపు నాకు వేరేగా కనపడసాగింది. నాకు ముద్దలు పెట్టేవాళ్ళు ఎవరు? అత్తగారికి అప్పటికే డెబ్భై దాటాయి. కనీసం కుడిచెయ్యి నిలబడాలి. నేను కోరుకున్నది అంతే. ఎడమచెయ్యి పోయినా అన్నం తినవచ్చు.

మొదట ఊళ్ళో ఆరెంపీ వైద్యుడు చిన్న తెల్ల బిళ్ళలు ఇచ్చాడు. వారంలో నొప్పి పోయింది, నెలలో ముఖం ఉబ్బింది. ఇది పద్ధతి కాదని మా ఆయన నన్ను నరసరావుపేట తీసుకుపోయాడు. అక్కడి డాక్టరుగారు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఒక్కొక్క కణుపూ నొక్కి చూశారు. తెల్ల బిళ్ళలు కొద్దికొద్దిగా తగ్గించి మానిపించారు. ఆ తర్వాత చెప్పారు.

“ఈ కీళ్ళలో ఏదో క్రిమి దాక్కుని ఉంటుందని నా నమ్మకం అమ్మా. డాక్టర్లందరూ ఒప్పుకోరు. నేను నమ్ముతాను. దానికి టెట్రాసైక్లిన్ గొట్టాలు, అదే క్యాప్సూళ్ళు, ఇస్తాను. వారానికో పది రోజులకో కాదు, ఏళ్ళ తరబడి వేసుకోవాలి. సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.”

“పడుతుందా అండీ?” అన్నాను.

“పడకపోవచ్చు కూడా. మొదటి వారాల్లో నొప్పులు ఇంకా పెరుగుతాయి. పెరిగితే భయపడకండి, మందు పని మొదలుపెట్టిందని అర్థం. పెరగకపోతేనే నాకు చెప్పండి.”

తర్వాత నియమాలు చెప్పారు. ఖాళీ కడుపున వేసుకోవాలి. నిండు గ్లాసు నీళ్ళు తాగాలి. వేసుకున్నాక గంట వరకూ పడుకోకూడదు, గొట్టం గొంతులో ఆగితే అక్కడ పుండు పడుతుంది. ముందు గంట, తర్వాత రెండు గంటలు పాలు, పెరుగు, మజ్జిగ, రక్తం పట్టే టానిక్కులు ముట్టకూడదు. ఎండలో తిరగకూడదు. నేను తిథులూ తేదీలూ లెక్కగా ఉంచుకునే మనిషిని. 1983 ఫిబ్రవరి ఏడు, సోమవారం మొదలుపెట్టాను. ఆయన చెప్పిన వాటిలో మొదట్లో ఒక్కటీ తప్పలేదు. కాఫీ కూడా ఏడున్నర దాటాకే తాగేదాన్ని.

మొదటి వారంలోనే కడుపులో మంట పట్టుకుంది. ఛాతీ కింద నిప్పుకణిక పెట్టినట్టు ఉండేది. మా అత్తగారు రెండో పూట నా ముఖం చూసి గ్లాసుతో వచ్చింది.

“తాగవే. తేట.”

సున్నపు తేట గురించి మా ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇతరుల కోసం రాస్తున్నాను. కాల్చిన సున్నపురాయి ముక్కను కుండెడు నీళ్ళలో వేస్తే అది బుసబుసమని పగిలి పాలలా అవుతుంది. కదపకుండా ఉంచితే పొద్దునకు సున్నం అడుక్కి దిగి పైన అద్దం లాంటి నీరు నిలుస్తుంది. అదే తేట. పసిపిల్లలు పాలు కక్కితే ఒక చెంచా, పెద్దవాళ్ళకు కడుపులో మంట పుడితే అరగ్లాసు. మా అత్తగారి తేట కోసం పక్క వీధుల నుంచి కూడా వచ్చేవాళ్ళు. రాయి ఎంచటంలో, వార్చటంలో ఆమె చెయ్యి అలాంటిది. మేము దాన్ని మందు కింద లెక్కపెట్టేవాళ్ళం కాదు. ఉప్పు, చింతపండు ఎలాగో అదీ అలాగే.

గొట్టం మింగిన కాసేపటికి గ్లాసుడు తేట తాగితే మంట చల్లారిపోయేది. పొద్దునా సాయంత్రం గొట్టం వెనకే తేట అలవాటైంది. డాక్టరుగారు వద్దన్న వాటిలో అది లేదు. ఆయన ఊహకు రాలేదు, నా ఊహకూ రాలేదు.

నొప్పులు పెరుగుతాయని ఆయన అన్న వారాలు వచ్చాయి, పోయాయి. పెరగలేదు. తగ్గనూ లేదు. నేను వెళ్ళి చెప్పాను. కొందరికి పెరగవులే, చూద్దాం అన్నారు. వేసవిలో బట్టీ దగ్గర కూలీలకు మజ్జిగ పోయటానికి ఎండలో నిలబడేదాన్ని. ఏమీ కాలేదు. ఎండ మాట మెల్లగా మరిచిపోయాను. దసరా నాటికి ఎడమచేతి చిటికెనవేలు, ఉంగరపువేలు పక్కకు ఒరిగి మళ్ళీ లేవలేదు. కార్తీకంలో కుడి బొటనవేలి మొదట్లో నొప్పి దిగింది. ఆ నొప్పితో అన్నం కలుపుతుంటే నా చెయ్యి నాకే వేరే ఎవరిదో అనిపించేది.

డిసెంబరు మొదటి వారం డాక్టరుగారు నా చేతులు చాలాసేపు చూశారు.

“మధ్యలో మానేశారా అమ్మా? ఉన్నదున్నట్టు చెప్పండి, కోప్పడను.”

“ఒక్క పూట మానలేదండీ.”

“పాలు?”

“లేదండీ.”

ఆయన నా మాట నమ్మారు. నమ్మారు కాబట్టే మోతాదు చాలటం లేదనుకున్నారు. డిసెంబరు ఐదు నుంచి పూటకు రెండు చేశారు. అత్తగారు తేట గ్లాసు కొంచెం పెద్దది చేసింది.

1984 ఏప్రిల్‌లో మాచర్లలో మా చెల్లెలికి గర్భసంచి ఆపరేషన్ అయింది. ఇల్లు చూసేవాళ్ళు లేరు. నా చేతులతో నేనేం చూస్తానని అనుకుంటూనే ఎనిమిదో తేదీ ఆదివారం బస్సెక్కాను. గొట్టాలు సంచిలో పెట్టుకున్నాను. అత్తగారు తేట సీసాలో పోసి ఇస్తానంది. బస్సులో సీసా పగిలితే చీరె పాడవుతుందని నేనే వద్దన్నాను.

మాచర్లలో మొదటి సోమవారం గొట్టాలు వేసుకుని మంటను ఓర్చుకున్నాను. చెల్లెలు బొరుగులు తెచ్చి పెట్టింది. కాసిని బొరుగులు నమిలితే కొంచెం ఆగేది. బుధవారం రాత్రికి జ్వరం వచ్చినట్టయింది. గురువారం పొద్దున ఒక్క కీలు కూడా కదల్లేదు. మెడ, దవడ, మోకాళ్ళు, ఇంతవరకూ నొప్పే ఎరగని పాదాలు కూడా పట్టేశాయి. నన్ను లేపి కూర్చోబెట్టటానికి ఆపరేషన్ అయిన చెల్లెలే రావలసి వచ్చింది.

“నన్ను చూడటానికొచ్చి నువ్వు మంచమెక్కితే ఎట్టా అక్కా,” అంది, నవ్వబోయి కుట్లు లాగి పొట్ట పట్టుకుని. “మన అమ్మ ఉంటే ఇద్దర్నీ ఒకే చాప మీద పడేసేది.”

పధ్నాలుగు నెలల కిందట రావలసిన నొప్పి అప్పుడు వచ్చింది. ఎందుకు వచ్చిందో అప్పటికి నాకు తెలియదు. గొట్టాలు మానలేదు. పది రోజులకు నొప్పి దిగింది. ఎంత దిగిందంటే, ఒకరోజు పొద్దున ఏడింటికి కళ్ళు తెరిచేసరికి కుడిచెయ్యి దుప్పటి మీద విప్పుకుని ఉంది. దాన్ని నేను విప్పలేదు. అదే విప్పుకుంది. ఆ రోజు రవికె హుక్కులు నేనే పెట్టుకున్నాను. పైనుంచి కిందకు నాలుగూ పెట్టుకున్నాను. చెల్లెలికి చూపించాను. అది ఏడ్చింది.

చేతులు వచ్చాయన్న సంతోషంతో ఊరికే కూర్చోలేకపోయాను. చెల్లెలి భర్త మిరపకాయలు ఊరి బయట కల్లంలో ఎండుతున్నాయి. ఎర్రటి కాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కన వెయ్యాలి. వేళ్ళతో చేసే పని. నాకు అదే కావలసింది. ఏప్రిల్ ఇరవై ఆరు నుంచి పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా కూలీ ఆడవాళ్ళ పక్కన కూర్చుని ఏరేదాన్ని.

“ఏమ్మో పిడుగురాళ్ళ పెద్దమ్మా, ఇంత జోరుగా ఏరితే మా కూలి ఎవురిస్తారు?” అనేది ఒకామె.

“మీ కూలి మీకే. నేను నా వేళ్ళకు పని చెబుతున్నా.”

“మా వేళ్ళు కూడా తీసుకో తల్లా, అవీ నొస్తున్నయ్.”

నాలుగో రోజుకు చేతుల పైభాగం, మెడ, ముక్కు, చెంపలు ఎర్రగా కాలాయి. అందరం కారం అనుకున్నాం. మిరప కల్లంలో కూర్చున్నవాళ్ళకు మంట పుట్టటం వింతేమీ కాదు. చెల్లెలు వెన్న రాసింది. పక్కింటి ముసలమ్మ వచ్చి అమ్మవారేమో, వేపమండలు కట్టండి, మందులన్నీ ఆపండి అంది. ఐదో రోజుకు నీటిపొక్కులు లేచాయి.

“సున్నపు బట్టీ కాడ ముప్పై ఏళ్ళు కాలకుండా ఉండి, మా కల్లంలో నాలుగు రోజులకు కాలటమేంది అక్కా?” అంది చెల్లెలు.

ఆ మాటకే నేను నా చేతులను సరిగ్గా చూసుకున్నాను. గాజులు తీసి చూస్తే వాటి కింద తెల్లటి పట్టీ, చక్కగా గీత గీసినట్టుంది. రవికె చేతి అంచు దగ్గర మంట ఆగిపోయింది. కారమైతే అరచేతులు ముందు మండాలి, కాయలను పట్టుకున్నవి అవే. అరచేతులు చల్లగా ఉన్నాయి. అమ్మవారైతే గుడ్డ కిందా పోస్తుంది, గాజుల కిందా పోస్తుంది. నన్ను కాల్చింది ఎండ. ఉదయం ఏడింటి ఎండ. నా పక్కన అదే ఎండలో ఎనిమిది మంది కూర్చున్నారు, ఒక్కరికీ ఏమీ కాలేదు. వాళ్ళకు కాకుండా నాకొక్కదానికే పొడుస్తున్న సూర్యుడు ఎవడు అనిపించింది. పట్టపగలు తలుపులు మూసుకుని చీకట్లో కూర్చున్నాను.

పది రోజుల తర్వాత గోళ్ళ కొసలు పైకి లేవటం మొదలైంది. నొప్పి లేదు. గోరు కింద తెల్లగా గాలి చేరినట్టు అయ్యేది. తల దువ్వుకుంటుంటే కుడిచేతి మధ్యవేలి గోరు వెంట్రుకకు తగులుకుని సగం ఊడి వచ్చింది. చెల్లెలు దాన్ని కాగితంలో చుట్టి పొయ్యిలో వేసింది. ఇంట్లో పెట్టుకోగూడదక్కా అంది.

మే ఇరవై ఒకటిన మా ఆయన వచ్చి నన్ను నేరుగా నరసరావుపేట తీసుకుపోయాడు. బస్సులో కిటికీ వైపు ఆయన కూర్చుని, నా మీద తువ్వాలు కప్పాడు.

డాక్టరుగారు గోళ్ళు చూశారు, చర్మం చూశారు. నాలుక చాపమన్నారు. నాలుక మీద తెల్లటి పొర ఉంది, పెరుగు తోడుకున్నట్టు. తర్వాత కుడిచేతిని పట్టుకుని తన వేలు గట్టిగా పిండమన్నారు. పిండాను. ఆయన ముఖంలో ఆశ్చర్యం కనపడింది.

“మందు ఇప్పుడే మొదలుపెట్టినట్టుందమ్మా. ఏడాదిగా ఏమైంది? మాచర్లలో కొత్తగా ఏం తిన్నారు?”

“కొత్తగా ఏమీ లేదండీ. అదే అన్నం, అదే పప్పు.”

“పోనీ ఇంట్లో ఉన్నది అక్కడ లేనిది?”

నేను ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చాను. బట్టీ పొగ. మా బావి నీళ్ళు. అత్తగారి తేట.

“తేట అంటే?”

మా ఆయన చెప్పాడు. డాక్టరుగారు కలం కింద పెట్టేశారు.

“ఎప్పుడు తాగేవారు?”

“గొట్టం వేసుకోగానేనండీ. పొద్దునా, సాయంత్రం.”

“పాలలో ఉన్నది సున్నమేనమ్మా. పాలు ఎందుకు వద్దన్నానో అందుకే. గొట్టంలో మందును సున్నం పట్టేసుకుంటుంది. ఇక ఒంటికి పట్టదు. చాలా భాగం అలాగే బయటకు పోయి ఉంటుంది.”

నేను అక్కడే లెక్క వేశాను. మొదటి మోతాదులో రెండు వందల యాభై ఎనిమిది, రెండో మోతాదులో రెండు వందల పదహారు. మొత్తం నాలుగు వందల డెబ్భై నాలుగు గొట్టాలు. ఆ గొట్టాలన్నీ అయ్యేలోపల ఎడమచేతి రెండు వేళ్ళు ఒరిగిపోయాయి. మాచర్లలో నా ఒంటికి ఒక్కసారిగా పట్టింది, మందు పని చెయ్యటం లేదని పెంచిన రెట్టింపు మోతాదు.

డాక్టరుగారు వారం ఆపించి, మళ్ళీ పూటకు ఒకటి చేశారు. ఎండపొడ తగలకూడదు అన్నారు. నాలుకకు ఊదా రంగు మందు ఇచ్చారు, అది పూస్తే నోరు నేరేడుపళ్ళు తిన్నట్టుండేది. మూడు నెలలకోసారి రక్తపరీక్ష రాశారు. తేట వద్దు అని రెండుసార్లు చెప్పారు, రెండోసారి మా ఆయన వంక చూసి చెప్పారు.

ఇంటికి వచ్చాక మా అత్తగారు అరుగు మీద కూర్చుని నన్ను చూసింది. చర్మం పొరలు పొరలుగా లేచిన చెంపలు, ఊదా రంగు నోరు, గోళ్ళు లేని వేళ్ళు. మా ఆయన డాక్టరు చెప్పింది చెప్పాడు. అంతా విని ఆమె అడిగింది:

“అంటే ఏడాది పాటు ఆ విషం దీని ఒంట్లోకి పోకుండా ఆపింది నా తేటేనా?”

“విషం కాదమ్మా, మందు.”

“గోళ్ళు ఊడదీసేదాన్ని మందంటార్రా?”

మా ఆయన నా వైపు తిరిగి, “పోనీ ఆపేద్దామా ఏందే?” అన్నాడు. నేను కుడిచేతితో చెంబు ఎత్తి ఆయనకు నీళ్ళిచ్చాను. అదే నా జవాబు.

జూన్ నెలంతా ఇల్లు దాటలేదు. పెరట్లోకి పోవాలంటే మా ఆయన పాత చొక్కా, పొడుగు చేతులది, రవికె మీద తొడుక్కుని గొడుగు పట్టుకునేదాన్ని. పాత రవికె గుడ్డతో చేతులకు తొడుగులు కుట్టుకున్నాను. గోళ్ళు చివరంటా కత్తిరించి, పసుపు దంచటం, పీచుతో గిన్నెలు తోమటం మానేశాను. పెరుగన్నం మధ్యాహ్నమే, రెండు పూటల గొట్టాలకూ దూరంగా. గొట్టం మింగి నిటారుగా కూర్చునేదాన్ని. వికారం వస్తే బొరుగులు. తల తిరిగినట్టుండే పొద్దుల్లో గోడ పట్టుకుని నడిచేదాన్ని. అన్నీ నేర్చుకున్నాను. గుప్పిట విప్పుకుంటూనే ఉంది.

ఆ నెలలో మా అత్తగారు నాతో మాట్లాడటం తగ్గించింది. నా పనులు మాత్రం చేసిపెట్టేది. తెల్లవారకముందే లేచి, గొట్టం వేసుకోవటానికి నాకు నీళ్ళు ముంచి ఉంచేది. నాకని ఒక చిన్న ఇత్తడి బిందె వేరుగా పెట్టింది. జబ్బు మనిషివి, అందరి చేతులూ పడిన నీళ్ళెందుకంది. నాకు సంతోషమే అయింది.

జూలై మూడో వారంలో ఒకరోజు వాన వస్తుందని ఆరేసిన బట్టలు తియ్యటానికి గొడుగు లేకుండా పెరట్లోకి పరుగెత్తాను. మబ్బు తప్పుకుని ఎండ కాసింది. అరగంట ఎండలోనే ఉన్నానని లోపలికి వచ్చాక గానీ తెలియలేదు. ఇక కాలుతుందని సాయంత్రం దాకా చూశాను. కాలలేదు. మర్నాడూ లేదు. కొత్త గోళ్ళు మొదట్లో నున్నగా, గట్టిగా వస్తున్నాయి. కడుపులో మంట లేదు. నా ఒళ్ళు బాగుపడుతోందని మా ఆయన సంబరపడ్డాడు.

నాకు భయం వేసింది. ఎండ నన్ను ఏమీ చెయ్యటం లేదంటే మందు ఒంటికి పట్టటం లేదన్నమాట. ఆ వారమే పొద్దున గుప్పిట విప్పుకోవటం ఏడు నుంచి ఎనిమిదికి పోయింది.

నేను ఎవరినీ అడగలేదు. శుక్రవారం పొద్దున ఆ ఇత్తడి బిందెలోంచి ఒక గ్లాసు నీళ్ళు ముంచి, తాగకుండా గూట్లో పెట్టాను. గొట్టం పెద్ద కుండలో నీళ్ళతో వేసుకున్నాను. నా నాలుక మీద పొర ఇంకా పోలేదు, ఉప్పు కూడా చప్పగా తగిలేది, రుచి చూసి లాభం లేదు. కానీ సున్నం ఇంట్లో ముప్పై ఏళ్ళు ఉన్నదాన్ని. మధ్యాహ్నానికి గూట్లో గ్లాసు మీద పల్చటి పొర కట్టింది. వేలితో తాకితే గాజులా చిట్లింది. మంచినీళ్ళ మీద పొర కట్టదు. గాలి తగిలితే తేట మీదే కడుతుంది.

గ్లాసు తీసుకుని అరుగు మీదికి వెళ్ళాను. అత్తగారు చింతపండు గింజలు తీస్తోంది. గ్లాసు ఆమె ముందు పెట్టాను. చూసింది. గింజలు తియ్యటం ఆపలేదు.

“ఎప్పట్నుంచి అత్తా?”

“నువ్వు గోడ పట్టుకు నడిచిన కాణ్ణించి.”

“నా చేతులు పోతయ్యని తెలుసుగా నీకు.”

“పోనీ. నేను పెడతా ముద్ద.”

“నువ్వెన్నాళ్ళు పెడతావ్? నీకు డెబ్భై రెండు.”

“ఉన్నన్నాళ్ళు.”

“ఆ తర్వాత?”

అప్పుడు చింతపండు పక్కన పెట్టింది. “ఏమే, మా అక్కకు పదకొండేళ్ళు పెట్టా. ఒక్క రోజు కూడా అది నా మీద ఇసుక్కోలా. కథలు జెప్పేది, నవ్వేది. చేతులు లేకపోతే ఏంది, మనిషి ఉంది. ఆ మందు మింగినాక చూడాల్సింది నువ్వు. పళ్ళు చేత్తో తీసి నా అరచేతిలో పెట్టింది. నీ గోళ్ళు పైకి కనపడతయ్ కాబట్టి ఊడినయ్యని తెలిసింది. లోపల ఏం ఊడతందో నీకేం తెలుసు? నీ డాక్టరుకేం తెలుసు?”

ఆ ప్రశ్న నాకు మాచర్లలోనే వచ్చింది. చీకట్లో కూర్చున్నప్పుడు వచ్చింది. పైకి అనలేదంతే.

“నన్ను అడక్కుండా పొయ్యటం మాత్రం తప్పు అత్తా,” అన్నాను.

“అడిగితే తాగేదానివా?”

“తాగను.”

“మరింకేంది.”

సోమవారం తెల్లవారుజామున నేనే బావి దగ్గరికి వెళ్ళాను. చేద దింపి, తాడు పట్టుకుని లాగాను. కుడిచేతితో లాగి, ఎడమచేతి మంచి వేళ్ళు మూడింటితో ఆపి, మళ్ళీ కుడిచేతితో లాగాను. రెండుసార్లు తాడు జారింది. మూడోసారి సగం చేదలో నీళ్ళు పైకి వచ్చాయి. మా అత్తగారు గడపలో నిలబడి చూసింది, దగ్గరకు రాలేదు. ఆ నీళ్ళతో గొట్టం వేసుకున్నాను. వారం తిరిగేసరికి నొప్పి ఒకసారి పైకి లేచింది, తర్వాత దిగింది. పది రోజులకు కిటికీలోంచి పడిన ఎండకు మెడ చురుక్కుమంది. ఆ చురుకుకు నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆగస్టులో రక్తపరీక్షకు వెళ్తుంటే ఆమె కూడా బయల్దేరింది. ముప్పై ఏళ్ళలో ఆమె నరసరావుపేట రావటం అదే మొదటిసారి. బల్ల ముందు కూర్చోమన్నా కూర్చోలేదు.

“నాయనా, దీని లోపల ఏం ఊడతందో చెప్పు.”

డాక్టరుగారు నవ్వలేదు. నా కాగితాలు ముందు పెట్టుకుని చూశారు. “కాలేయం ఇవాళ్టికి బాగుంది. మూత్రపిండాలు ఇవాళ్టికి బాగున్నాయి.”

“రేపటికి?”

“రేపటిది రేపు తీసిన రక్తంలోనే కనపడుతుందమ్మా. ఏదైనా మొదలైతే ఆపేస్తాను. మొదలయ్యేదాకా నాకూ తెలియదు.”

“మొదలయ్యాక ఆపితే ఆగుద్దా?”

“ఒక్కోసారి ఆగదు,” అన్నారు.

నా ఎదుటే అన్నారు. బయటికి వచ్చాక బస్టాండులో గొడుగు నీడన ఇద్దరం నిలబడ్డాం. గొడుగు ఆమె పట్టుకుంది. పిడుగురాళ్ళ బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక అంది:

“నిజం జెప్పాడు. ఆ రసం మందోడు అబద్ధం జెప్పాడు.” కాసేపటికి, “వేసుకో. నేను కనిపెట్టి ఉంటా.”

ఆ తర్వాత ఇంకో మూడున్నరేళ్ళు వేసుకున్నాను. 1988 ఫిబ్రవరిలో చెవుల్లో హోరు ఆగకపోతే డాక్టరుగారే ఆపించారు. హోరు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, ఇప్పుడూ ఉంది. ఎడమచేతి రెండు వేళ్ళు అలాగే ఒరిగి ఉన్నాయి. కుడిచెయ్యి నిలబడింది. ఇది ఆ చేత్తోనే రాస్తున్నాను.

నేను గొట్టం వేసుకునే రోజుల్లో, తను పోయేదాకా, మా అత్తగారు నాకన్నా ముందు లేచేది. నేను బావి నుంచి తెచ్చిన నీళ్ళు గ్లాసులో పోస్తే ఒక గుక్క తను తాగి నాకు ఇచ్చేది. అందులో ఏమీ కలపలేదని నాకు చూపించటానికి. తర్వాత నా ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. బట్టీ వెలుగు తప్ప ఇంకో వెలుగు ఉండేది కాదు. పొద్దు పొడిచేదాకా నా కళ్ళు, పెదవులు, గోళ్ళు చూస్తూ ఉండేది. ఏం కనపడుతుందోనని చూసేది. నేను ఆమె ముఖంలోకి చూసేదాన్ని, ఆమెకు ఏమైనా కనపడిందేమోనని.